కంప్యూటర్ విజ్ఞానం: దూరాన డిస్కు, చేతిలో ఆజ్ఞ

ఢిల్లీ శాస్త్రి పార్కులో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ వారి డేటా కేంద్రమున్నది. ఇటువంటి పెద్ద కేంద్రాలలో సమాచారమంతా సర్వర్లలోనే ఉండదు. వేరే స్టోరేజ్ యంత్రాలలో ఉండి నెట్‌వర్క్ ద్వారా అందుతుంది. ఇందుకు వాడే పద్ధతులలో ఒకటి ‘ఐ-స్కజీ’. దీని ప్రమాణం 2004లో ఆర్‌ఎఫ్‌సీ 3720గా వెలువడింది.

లినక్స్ కమాండ్ లైన్‌లో పని సులువే. మొదట ‘డిస్కవరీ’ ఆజ్ఞతో స్టోరేజ్‌లోని టార్గెట్లను కనుగొనాలి. పిదప లాగిన్ కావాలి. అంతట దూరపు డిస్కు సొంత డిస్కువలె కనబడుతుంది.

ప్రమాదమూ అక్కడే పొంచి ఉన్నది. సాధారణ ఫైల్ సిస్టమ్ గల డిస్కును రెండు సర్వర్లు ఏకకాలంలో మౌంట్ చేసి వ్రాస్తే సమాచారం చెడిపోతుంది. ఇద్దరు గుమాస్తాలు ఒకరికి తెలియకుండా మరొకరు ఒకే చిట్టాలో పద్దులు వ్రాసినట్లన్నమాట! కనుక ప్రతి టార్గెట్‌నూ నిర్దేశించిన సర్వర్‌కే అనుమతించాలి. ‘ఎస్‌డీబీ’ వంటి పేర్లు రీబూట్‌తో మారవచ్చు, యూయూఐడీతోనే గుర్తించాలి. తొలగించేటప్పుడు ముందు అన్‌మౌంట్, ఆ తరువాతే లాగవుట్.

మన జీతాల, భవిష్యనిధి లెక్కలు ఉండేది ఇటువంటి డిస్కులలోనే. ఎంటర్ మీట నొక్కే ముందు డిస్కు పేరు మరొక్కసారి చదవడం మరువరాదు.