అందరూ పడ్డవే కదా!

"వేవిళ్ళు అందరూ పడ్డవే కదా! మేము కనలేదా?" – పొయ్యి దగ్గరి నుండి గర్భిణి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని పెరట్లోకి పరుగెత్తినప్పుడు మన ఇళ్ళలో వినబడే మాట ఇది. ఓదార్పు వలె ధ్వనించినా, నిజానికి ఇది నోరు మూయించే మాట. తెలుగు పండితునికి వైద్యమెందుకని ఎవరైనా అడగవచ్చు. మాటలు మా శాఖ గనుక ముందు మాట సంగతే చూద్దాం.

వేవిళ్ళు అన్న పదం వికారాన్నీ చెబుతుంది, గర్భిణి కోరికలనూ చెబుతుంది. ఆ కోరికలకు సంస్కృతంలో దౌహృదమని, దోహదమని పేర్లు. నాలుగవ మాసంలో శిశువు హృదయం వ్యక్తమవుతుంది గనుక ఆమె రెండు హృదయాలు గలదనీ, ఆమె కోరినది తీర్చకపోతే శిశువుకు హాని అనీ సుశ్రుతుని మతం. ఆ శారీరశాస్త్రం నేడు నిలవదు. కాని అందులోని విధి ఎవరిపై ఉన్నది? ఇంటివారిపై. "అభివృద్ధికి దోహదపడుదాం" అని సభలలో మనం అలవోకగా వాడే మాటకు పుట్టినిల్లు గర్భిణి కోరికే! అశోకవృక్షానికి దోహదం ఎట్లా చేయాలో తరగతిలో గంటలకొద్దీ వివరించిన మనం, అన్నం ఉడికే వాసనకు తల్లడిల్లే పిల్లను పొయ్యి దగ్గరి నుండి తప్పించలేమా?

"మనసు గట్టిగా ఉంటే అదే తగ్గుతుంది" అనేవారు మరొక తెగ. గర్భం ఇష్టం లేకనే స్త్రీ వాంతి చేసుకుంటుందని ఇరవయ్యవ శతాబ్దపు పాశ్చాత్య వైద్యులు కొందరు కూడా వాదించారు. 2023లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన ఈ వాదాన్ని గట్టిగానే దెబ్బతీసింది. శిశువు, మావి వైపు నుండి తల్లి రక్తంలో చేరే జీడీఎఫ్-15 అనే హార్మోను ఈ వికారానికి ముఖ్య కారణమట; గర్భానికి ముందు అది ఒంట్లో తక్కువగా ఉన్న స్త్రీకి బాధ ఎక్కువట. అత్తగారికి సులువుగా గడిచినది కోడలికి గడవకపోవడంలో కోడలి తప్పేమున్నది?

ఇక మందంటే భయం. అది అకారణం కాదు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్, 1961లో వెనక్కు తీసుకొనేలోపు వేలాది శిశువులను అవయవలోపాల పాలు చేసింది. అయితే ఆ పాపాన్ని ప్రతి మాత్రకూ అంటగట్టరాదు. డాక్సిలమిన్, బి-6 విటమిన్ కలిసిన మాత్రను దావాల తాకిడికి 1983లో అమెరికాలో తయారీదారే మానుకొన్నాడు. హాని రుజువై కాదు. 2013లో అదే మిశ్రమాన్ని అక్కడి ప్రభుత్వ సంస్థ మరల ఆమోదించింది. మన వైద్యులూ వ్రాస్తున్నారు. "మందు మింగకు, ఓర్చుకో" అని చెప్పడం సులభమే, ఓర్చుకొనేది తాము కాదు గదా!

అల్లం, పొడి తిండి, కొద్దికొద్దిగా పలుమార్లు తినడం – ఇవి మంచివే. చాలామందికి ఆరవ వారం ప్రాంతంలో మొదలై, తొమ్మిదవ వారానికి ముదిరి, పధ్నాలుగు దాటేసరికి సద్దుమణుగుతుంది. కాని రోజంతా మంచినీరు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం ముదురు రంగుకు తిరిగినా, లేచి నిలబడితే కళ్ళు తిరిగినా, బరువు నూటికి 5 వంతులు తగ్గినా, అది ఇంటి వైద్యానికి లొంగేది కాదు; ఆనాడే ఆసుపత్రికి తీసుకుపోవాలి. వారాల తరబడి తిండి నిలవని ఒంటికి బి-1 విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ముప్పు రావచ్చు. కనుక ఎన్నాళ్ళుగా తినడం లేదో వైద్యునికి దాచకుండా చెప్పాలి. "మామూలు వేవిళ్ళేనండీ" అని ఆమె బదులు ఇంకెవరో జవాబు చెప్పరాదు.

ఆ మూడు మాసాలూ పోపు భర్తగారే పెట్టవచ్చు. చేతకాకపోతే ఇంటిల్లిపాదీ మజ్జిగన్నంతో సరిపెట్టుకోవచ్చు.