సెటిల్ అయినట్టేనా?

అమెరికా సంబంధం అంటే చాలు, మా ఇంట్లో తమిళంలోనైనా తెలుగులోనైనా ఒకటే మాట: "సెటిల్ అయిపోయినట్టే!" నేను ఒప్పుకోను.

హెచ్-1బి వీసా కంపెనీ వేసిన దరఖాస్తు మీద వస్తుంది. ఉద్యోగం పోతే జీతంతోపాటు అక్కడ ఉండే హక్కుకీ గడువు పడుతుంది. ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆలోగా ఇంకో కంపెనీ దరఖాస్తు వేయాలి, లేదా వీసా రకం మార్చుకోవాలి. లేకపోతే పెట్టె సర్దుకోవాలి. ఇక పైవాళ్ళు ఎంత పని నెత్తిన వేసినా ఎదురు చెప్పగలరా?

హెచ్-4 మీద వెళ్ళిన భార్యకి ఇంకా కష్టం. ఎంత చదివినా సరే, భర్త గ్రీన్ కార్డు పని కొంత ముందుకు సాగితేగానీ ఆ వీసా మీద ఉద్యోగానికి అనుమతి రాదు.

అమెరికా ఆ 60 రోజుల్ని కనీసం 6 నెలలు చేయాలి. అప్పటిదాకా సంబంధం వస్తే జీతం ఒక్కటే కాదు, వీసా సంగతీ అడుగుదాం.