గుడ్లవల్లేరుకూ ముద్దుపళనికీ ఒకే సెక్షనా?

గుడ్లవల్లేరు ఆడపిల్లల హాస్టల్లో రహస్య కెమెరాలున్నాయన్న గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2024 ఆగస్టు 29 రాత్రి ఆడపిల్లలు బయటికొచ్చి అరిచిన అరుపు రాష్ట్రమంతా విన్నది. రహస్య కెమెరాలేవీ దొరకలేదని ఆ తర్వాత పోలీసులు చెప్పారు. ఉన్నాయా, లేవా అన్న వాదనలోకి నేను వెళ్ళను. ఆ వారమంతా టీవీ చర్చల్లో దొర్లిన ఒక మాటతోనే నా పేచీ: ‘అశ్లీల వీడియోలు’. ఆ మాట పట్టుకుని చర్చ బూతు సైట్ల మీదికీ, అక్కణ్ణించి సినిమా పాటల మీదికీ, చివరికి కథల్లో శృంగారం మీదికీ పాకింది. స్నానం చేస్తున్న పిల్లని దొంగచాటుగా ఫోన్లో తీస్తే అందులో అశ్లీలం ఎక్కడుంది? అది దొంగతనం, ఇంకా మాట్లాడితే దాడి.

ఆ చర్చ ఫలితం నాకు ఫోన్లో తగిలింది. గుడివాడ దగ్గర ఊళ్ళో ఉండే కథకుడొకాయన, నాకంటే పెద్దవారు, రాత్రి తొమ్మిదింటికి చేశారు. “లాయర్ గారూ, ఒక పెద్దావిడ తన పడుచుతనం తలుచుకునే కథ రాశానండీ. రెండు పేజీలు కాస్త పచ్చిగానే ఉంటాయి. కేసవుద్దంటారా?” కాదన్నాను. “పోనీలెండి, ఆ రెండు పేజీలూ తీసేస్తాను” అన్నారు. కాదని చెప్పాక కూడా తీసేశారంటే జంకు ఎంత లోపల ఉందో చూడండి. మన కథకులు పడగ్గది గుమ్మం దాకా వచ్చి దీపం ఆర్పేస్తారు. అందుకు వాళ్ళని వెక్కిరించను. ఆ దీపం ఆర్పించినవాళ్ళ చరిత్ర తెలుసు గనక.

అశ్లీలతకు మన చట్టంలో నిర్వచనం పుట్టింది లండన్లో. 1868లో హిక్లిన్ కేసులో జడ్జి కాక్‌బర్న్ ఒక కొలబద్ద పెట్టాడు: చెడిపోవడానికి సిద్ధంగా ఉన్న మనసు ఎవరిదైనా ఉంటే, ఈ రాత దాన్ని చెడగొట్టగలదా? అంటే ఊళ్ళో అందరికంటే బలహీనమైన పాఠకుణ్ణి ఊహించుకుని, అతని కోసం అందరి పుస్తకం లాక్కోవడం. 1964లో ‘లేడీ చాటర్లీస్ లవర్’ అమ్మిన బొంబాయి పుస్తకాల వ్యాపారి రంజిత్ ఉదేశీ శిక్షను సుప్రీంకోర్టు ఖాయం చేసింది ఈ కొలబద్దతోనే. దాన్ని పక్కన పెట్టి, నేటి సమాజపు ప్రమాణాలతో చూడాలని అదే కోర్టు తేల్చడానికి 2014 దాకా, అవీక్ సర్కార్ కేసు దాకా పట్టింది. ఐపీసీ 292లో గుడి గోడల మీది బొమ్మలకీ దేవుడి రథానికీ మినహాయింపు ఉండేది గానీ, సాహిత్యమన్న మాట చేర్చింది 1969 సవరణలోనే. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 294. నంబరు మారింది, ఎలక్ట్రానిక్ రూపం చేరింది, జరిమానా పెరిగింది. లోపలి ఎముక మాత్రం పాతదే.

ఆ ఎముక ఎవరికి గుచ్చుకుందో చెప్పడానికి ‘రాధికా సాంత్వనం’ కంటే మంచి కేసు నాకు దొరకలేదు. పద్దెనిమిదో శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి కొలువులో ముద్దుపళని రాసిన కావ్యం. 1887లో అచ్చు వేసినప్పుడే పీఠికా, చివరి గద్యా ఎగిరిపోయాయి. పీఠికలో ఆవిడ తన వంశం చెప్పుకుంది, ఆడవాళ్ళ పేర్లతో. ఒక వేశ్య తన వంశం చెప్పుకోవడం అచ్చు వేసినవారికి అనవసరం అనిపించి ఉంటుంది! రాతప్రతి సంపాదించి ఆ ముక్కలన్నీ అతికించింది బెంగుళూరు నాగరత్నమ్మ. 1910లో వావిళ్ళవారు ప్రచురించారు. ఆడదై ఉండి ఇంత పచ్చిగా రాయడమా అని కందుకూరి వీరేశలింగం అప్పటికే మండిపడి ఉన్నారు. మరి మీ ‘రసికజన మనోరంజనం’లో ఉన్నదేమిటని ఆవిడ తిరిగి అడిగింది. 1911లో మద్రాసు పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. నిషేధం తొలగింది 1947లో. ముప్పై ఆరేళ్ళు.

ఈ ముప్పై ఆరేళ్ళ వ్యవహారంలో ఫిర్యాదుదారు ఎవరు? కావ్యంలోని రాధా? ఇళాదేవా? ఏ మనిషి ఒంటి మీద దెబ్బ పడిందని కేసు? మాటలతో కట్టిన బొమ్మకి ఒళ్ళుండదు. కావ్యం తయారవడంలో ఎవర్నీ బలవంతపెట్టనక్కర్లేదు, ఎవరి కిటికీలోకీ తొంగిచూడనక్కర్లేదు. కెమెరాకి ఎదురుగా మాత్రం నిజం మనిషి ఒకరుండాలి. నా వాదన అంతా ఈ తేడా మీదే నిలబడుతుంది.

మా కృష్ణా కిందిసీమకి మాటల్లో శృంగారం బాగా తెలిసిన విషయం. మువ్వగోపాలుడి మొవ్వ ఇక్కడే. మధుర, తంజావూరు, గోల్కొండ కొలువుల్లో నాలుగున్నర వేల పదాలు పాడానని క్షేత్రయ్య లెక్క చెప్పుకున్నాడు; మనకి మిగిలినవి కొన్ని వందలు. వాటిలో అభిసారికలున్నారు, డబ్బు అడిగే వేశ్యలున్నారు, మొగుడి కన్నుగప్పిన ఇల్లాళ్ళున్నారు. పక్కనే కూచిపూడిలో అవి అభినయం పట్టి బతికాయి. దివిసీమ పెదకళ్ళేపల్లి నుంచి వచ్చిన వేటూరి ప్రభాకరశాస్త్రి, ఓరుగల్లు వేశ్యవాడల్లో తిరిగే ‘క్రీడాభిరామం’ పరిష్కరించి అచ్చుకెక్కించారు. కాకతీయుల నాటి పూటకూళ్ళ ఇల్లు, కోడిపందెం మనకి కళ్ళకి కట్టించింది ఆ ‘బూతు’ పుస్తకమే. అదే ఊరి వేటూరి సుందరరామ్మూర్తి, ‘అడవి రాముడు’కీ ‘శంకరాభరణం’కీ ఒకే కలంతో రాస్తే ఒకదానికి చివాట్లు, ఇంకోదానికి దండలు.

ఇక బొమ్మల బూతు హాని చేస్తుందా లేదా? అమెరికాలో 1970లో అధ్యక్షుడి కమిషన్ హాని ఉందనడానికి ఆధారం లేదంది. 1986లో మీస్ కమిషన్ ఉందంది. పదహారేళ్ళలో ఒకే దేశం రెండు తీర్పులు. అవనిగడ్డలో టీచరమ్మ ఒకావిడ ఏడో తరగతి పిల్లల ఫోన్లలో ఏముంటోందో చెప్తుంటే నాకూ దడ పుట్టింది, ఒప్పుకుంటాను. కానీ ఆ పిల్లలకి బడిలో ఆ పాఠం ఎవరూ చెప్పరు గనక ఫోనే అయ్యవారైంది. దానికి 294 మందు కాదు. 2015లో కేంద్రం 857 సైట్లు మూయించి నాలుగు రోజుల్లో వెనక్కి తగ్గింది. 2018లో మళ్ళీ 827 మూయించింది. ఏ ఊళ్ళో ఏ పిల్లాడికి అందకుండా పోయాయి?

పేరు సంగతికొస్తే, సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23 తీర్పులో చెప్పిన మాట మా చర్చల్లో సరిగ్గా వినబడలేదు. పిల్లల మీద అఘాయిత్యం చేసి తీసిన వీడియోలని ‘పోర్న్’ అని పిలవొద్దంది. ఆ పేరు వాడితే జరిగిన అఘాయిత్యం చిన్నదైపోతుందని కోర్టు ఉద్దేశం. అదే తర్కం పెద్దవాళ్ళ దాకా తీసుకురావడానికి అడ్డమేమిటి? ఆయుధం లేకపోలేదు. 2013లో ఐపీసీలో 354-సిగా వచ్చినది ఇప్పుడు సంహితలో 77. ఆడమనిషి ఏకాంతంలో ఉండగా దొంగచాటుగా చూసినా, చిత్రీకరించినా ఏడాది నుంచి మూడేళ్ళు. తీయడానికి ఒప్పుకుని పంచడానికి ఒప్పుకోకపోయినా నేరమేనని వివరణలో స్పష్టంగా ఉంది. అక్కడ అడిగేది ఆమె ఒప్పుకుందా అని. ఐటీ చట్టం 67-ఎ అడిగేది ఆ బొమ్మలో ఏముందని. ప్రేమించినవాడికి తన బొమ్మ తానే పంపిన పిల్ల కూడా, అక్షరాలు పట్టుకుని చదివితే, 67-ఎలో ముద్దాయే!

ఇందులో నా తప్పూ ఉంది. 2015లో ఓ సెల్ దుకాణం కుర్రాడి కేసు నాకొచ్చింది. ఇరవై రూపాయలకి మెమరీ కార్డులో బూతు వీడియోలు ఎక్కిస్తున్నాడని 292, 67 పెట్టారు. ఫిర్యాదుదారు ఎస్సైగారే. మధ్యవర్తుల నివేదిక మీద ఇద్దరి సంతకాలు, లక్క ముద్ర వేసిన గోధుమరంగు కవరు, అందులో గోరంత కార్డు. దాన్ని తెరిచి చూపించినప్పుడు మొదటి వీడియో ఏదో లాడ్జి గదిది. కిటికీ చువ్వల నీడ అడ్డంగా పడుతోంది, లోపలున్న అమ్మాయికి కెమెరా సంగతి తెలియదు. మధ్యవర్తులిద్దరూ ఎదురు తిరిగారు, కేసు కొట్టేశారు, కుర్రాడు నాకు స్వీట్ల డబ్బా తెచ్చాడు. 354-సి వచ్చి అప్పటికి రెండేళ్ళు. ఆ అమ్మాయి ఎవరు, ఆ గది ఎక్కడిది అని ఎస్సై అడగలేదు, పీపీ అడగలేదు, క్రాస్‌లో నేనూ అడగలేదు. ఛార్జిషీటులో ఆవిడ లేదు. ఆవిడ ఉన్న కార్డుకి మాత్రం వస్తు సాక్ష్యంగా ఒక నంబరుంది, ఎం.ఓ. 1.