ఒంటిపూట బడి, రెండుపూటల బడి

ఏటేట మార్చి నెల సగము గడచి ఎండలు ముదురునప్పటికి మన బడులలో ఒంటిపూట తరగతులు మొదలగును. ఆ వార్త విన్ననాడు మీకు కలుగు సంతోషము ఇంతింత యని చెప్పరానిది. ఎండ మూలమున వచ్చిన యీ యేర్పాటు మీకు కొలదివారముల ముచ్చట మాత్రమే. కాని మూడేండ్లు నిండి ఆరేండ్లు నిండని శిశువులను ఏడాది పొడవునను ఒంటిపూట మాత్రమే బడిలో ఉంచవలెనా, లేక పెద్దపిల్లలవలె సాయంకాలము వరకును ఉంచవలెనా యను ప్రశ్న అనేక దేశములలో చిరకాలముగా చర్చింపబడుచున్నది. ఎల్.కె.జి., యు.కె.జి. తరగతులు వెలసిన పిదప మన యూళ్లలో కూడ ఇది ఇంటింటి ప్రశ్న యైనది. చిన్నపిల్లల సంగతి మాకేల యని మీరనవచ్చును. ఇందులో మీకును సంబంధము కలదు. అది ముందు చెప్పెదను.

ఒంటిపూట చాలుననువారి మాట మొదట విందము. మూడు నాలుగేండ్ల బిడ్డకు రేయింబవళ్లు కలిపి పది మొదలు పదమూడు గంటల నిద్ర కావలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తెలిపినది. పగటి కునుకు కూడ అందులోనిదే. మధ్యాహ్నము అన్నము తిన్న పసిబిడ్డకు కనురెప్పలు వాటంతట అవే వాలును. అట్టి వేళ బల్లమీద కూర్చుండబెట్టి బలపము చేతికిచ్చినచో అక్షరము రాదు, ఏడుపు వచ్చును.

చట్టము లెక్కను కూడ చూడుడు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఒకటి మొదలు అయిదవ తరగతి వరకు ఏడాదికి కనీసము 200 పనిదినములును, 800 బోధన గంటలును ఉండవలెనని విధించినది. భాగించి చూచినచో దినమునకు నాలుగు గంటలు. మీవంటి పై తరగతులవారికి 220 దినములు, 1000 గంటలు. అనగా దినమునకు నాలుగున్నర గంటలకు కొంచెము మించును. ఇవి కనీసపు కొలతలే. ఐనను ఆరేండ్ల బాలునికి నాలుగు గంటలతో చదువు సాగునని చట్టము తలచుచుండగా, నాలుగేండ్ల పాపను ఆరేడు గంటలు పుస్తకముల నడుమ నిలుపుట ఏ లెక్కకు వచ్చును? విద్యలో పేరుపొందిన ఫిన్లండు దేశమున బడిలో చేరుటకు ముందటి ఏడు, ఆరేండ్ల పిల్లలకు ఏర్పరచిన శిక్షణము ఏడాదికి కనీసము 700 గంటలు. అదియు దినమునకు ఇంచుమించు నాలుగు గంటలే.

ఇంకొక సాక్ష్యము అమెరికానుండి వచ్చినది. మిషిగన్ రాష్ట్రములోని ఇప్సిలాంటి పట్టణమున 1962 మొదలు 1967 వరకు పేద నీగ్రో కుటుంబముల పిల్లలకై పెర్రీ బడిలో ఒక ప్రయోగము జరిగినది. 123 మంది పిల్లలను రెండు వర్గములుగా చేసి, 58 మందికి మాత్రమే శిశుశిక్షణ మిచ్చిరి. ప్రతిదినము ఉదయము రెండున్నర గంటలు బడి; వారమున కొకసారి ఉపాధ్యాయురాలు ఇంటికి పోయి గంటన్నర సేపు తల్లితోను బిడ్డతోను గడపెడిది. ఆ పిల్లలు నలువదేండ్లవారగువరకును పరిశోధకులు వారి జీవితములను గమనించుచు వచ్చిరి. శిక్షణ పొందినవారిలో ఉన్నతపాఠశాల చదువు ముగించినవారును, మంచి సంపాదన గలవారును ఎక్కువగా నుండిరి. నేరములలో చిక్కుకొన్నవారు తక్కువ. దినమునకు రెండున్నర గంటలే! ఐతే ఒక్కొక్క ఉపాధ్యాయురాలి యొద్ద ఐదారుగురు పిల్లలే యుండిరన్న సంగతి మరువరాదు. నలువదిమందిని ఒక గదిలో కుక్కి, ఇది కూడ ఒంటిపూట బడియే యనుటకు వీలులేదు.

అట్లని ఒంటిపూట పద్ధతి యంతయు శిశువు మేలు కోరియే నిలిచినదనుకొనరాదు. జర్మనీ దేశస్థుడగు ఫ్రోబెల్ 1837లో బ్లాంకెన్‌బుర్గు పట్టణమున శిశువులకై ఒక సంస్థను స్థాపించి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా పిల్లల తోట, అని పేరుపెట్టెను. ఆ పద్ధతిని నేర్చిన సూసన్ బ్లో యను విదుషి 1873లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు ప్రభుత్వ పాఠశాలలో కిండర్‌గార్టెన్ నెలకొల్పెను. ఆ దేశపు తొలి కిండర్‌గార్టెన్ ఉపాధ్యాయినులలో పలువురు ఉదయము పిల్లలతో గడపి, మధ్యాహ్నము వారి యిండ్లకు పోయి తల్లులతో మాటలాడుచుండిరి. ఒంటిపూట బడియందు గల అందమంతయు ఆ రెండవ పూటలోనే యున్నది. తరువాతి కాలమున పిల్లల సంఖ్య పెరిగినది, డబ్బు చాలలేదు. ఉదయ మొక గుంపునకు, మధ్యాహ్నము మరియొక గుంపునకు ఒకే ఉపాధ్యాయిని చెప్పునట్లు ఏర్పాటు చేసిరి. ఇంటికి పోవుట ఆగిపోయినది. పేరు మాత్రము ఒంటిపూట బడిగనే నిలిచినది. పొదుపుకొరకు చేసిన పనిని శిశువు మేలుకొరకు చేసితిమని చెప్పుకొనుట పెద్దలకు అలవాటే.

ఇక రెండవ పక్షము. 1907 జనవరి 6వ తేదీన రోము నగరమున సాన్ లొరెంజో యను పేదల పేటలో మరియా మాంటిసోరి శిశుగృహమును ప్రారంభించెను. అచటి పెద్ద పెద్ద లోగిళ్లలో కాపురముండు తల్లిదండ్రులు పగలంతయు పనికి పోవుచుండిరి. కాచువారు లేని పసివారు మెట్లమీద తిరుగుచు గోడలు పాడుచేయుచుండిరి. ఆ యిండ్ల యజమానులకు తమ గోడలమీది బెంగయే మొదటిది. ఏమైన నేమి, శిశువుల కొక యిల్లు దొరకినది. ఆ తల్లులకు ఒంటిపూట బడి వలన లాభమేమి? పన్నెండు గంటలకు బిడ్డను వీధిలో విడిచిపెట్టిన యెడల ఆ గృహమున్నను లేనట్లే. అందుచేత మాంటిసోరి దీర్ఘమైన వేళలనే కోరెను. ఆమె గ్రంథమున చలికాలపు దినచర్య తొమ్మిది మొదలు నాలుగు గంటల వరకు కలదు. కాని అందులో స్నానము, శుభ్రత, భోజనము, ఆటలు, మొక్కల పెంపకము చేరియున్నవి. ఆ దినచర్యను చదువక వేళలను మాత్రము అనుకరించు బడులు మనకు కొదువ లేదు.

మన పల్లెలకు వత్తము. వరినాట్ల దినములలోను, పత్తితీతల దినములలోను, మిరపకోతల దినములలోను తల్లి తెల్లవారకమునుపే సద్ది కట్టుకొని పనికి పోవును. శిశువుల బడి మధ్యాహ్నము మూతపడినచో బిడ్డ నెవరు చూడవలెను? అవ్వ యున్న యింట అవ్వ చూచును. లేని యింట అక్క చూచును. ఆ అక్క మీ తరగతిలోని పిల్లయే. మిరపకోతల నెలలో మీ పంతులుగారు హాజరు పిలుచునపుడు ఏ పేర్లకు జవాబు రాదో జ్ఞాపకము చేసికొనుడు. అన్నకంటె అక్కకే యీ కాపలా పని తరచుగా పడును. తమ్ముని చంకనెత్తుకొని యింటివాకిట నిలిచిన పండ్రెండేండ్ల బాలిక ఆనాటి గణితపాఠమును పోగొట్టుకొనును. నెల గడచి తిరిగి వచ్చునప్పటికి పాఠములు ముందుకు సాగిపోవును. ఆమె వెనుకబల్లకు చేరును. మరుసటేడు అసలే రాదు. శిశువుల బడి వేళలలో మీకు సంబంధము కలదన్నది ఇందుకే.

ఈ చిక్కును బాగుగ నెరిగిన విదుషి తారాబాయి మోడక్. ఆమె 1945లో బొంబాయికి ఉత్తరమున సముద్రపుటొడ్డున నున్న బోర్డీ గ్రామమునందును, తరువాత కోస్‌బాడ్ కొండ పైనను శిశువిద్యకై పాటుపడెను. ఆమెకు తోడు అనుతాయి వాఘ్. బడికి రాలేని గిరిజన బాలల ముంగిళ్లకే బడిని తీసికొనిపోయిరి. ఆంగణమున జరిగినది గనుక అది అంగన్‌వాడి యైనది. పెద్దపిల్లలు చంటివారిని విడిచి చదువుకు రాలేరని గ్రహించి, ఉయ్యెల శిశువులకు సంరక్షణశాలయు, నడుమవారికి బాలవాడియు, పెద్దవారికి పాఠశాలయు ఒకే చోట నెలకొల్పిరి. అక్క చదువుచున్నంతసేపు తమ్ముడు ప్రక్కగదిలో క్షేమముగ నుండును. ఎంత తేలికయైన ఆలోచన! 1975 అక్టోబరు 2న మన దేశమున సమగ్ర శిశు అభివృద్ధి పథకము 33 ప్రాంతములలో మొదలైనపుడు ఆ కేంద్రములకు అంగన్‌వాడి పేరే స్థిరపడినది. పేరుతోపాటు ఆ ఆలోచనయు నిండుగా వచ్చియుండిన బాగుండెడిది.

నా యభిప్రాయమున ఈ వివాదములో రెండు వేరు వేరు విషయములను ఒకే త్రాట కట్టి లాగుచున్నారు. బిడ్డకు కావలసిన శిక్షణము వేరు, తల్లికి కావలసిన ఆసరా వేరు. మొదటిదానికి ఒంటిపూట చాలును, రెండవదానికి చాలదు. కనుక పాటలు, కథలు, రంగులు, గింజలతో లెక్కలు, మాటల ఆటలు, ఇవన్నియు ఉదయమే ముగియవలెను. తలుపు మాత్రము సాయంకాలము వరకు తెరచియే యుండవలెను. ఇంట చూచువారున్న బిడ్డ భోజనము చేసి యింటికి పోవచ్చును. లేని బిడ్డ అచటనే చాపమీద నిద్రించి, లేచి ముఖము కడుగుకొని, ఆడుకొనవలెను. రెండవ పూట పలక ముట్టరాదు.

పూర్తిదినము బడిలో నున్న పిల్లలు చదువులో ముందుందురు గదా యని కొందరందురు. పలు పరిశీలనలను కూర్చి 2010లో అమెరికా పండితులు ప్రకటించిన సమీక్ష ప్రకారము, ఆ యేడాది చివర వారు కొంత ముందున్న మాట నిజమే. మూడవ తరగతికి వచ్చునప్పటికి ఆ తేడా కరగిపోయినది. కరగిపోవు లాభమునకై పసివాని నిద్రను అమ్మనేల? మన పట్టణములలో యు.కె.జి. పిల్లను సాయంకాలము మరల ట్యూషనుకు పంపువారిని గూర్చి నేను చెప్పదగిన దేమియు లేదు.

ఖర్చు మాట తప్పదు. నేడు అంగన్‌వాడి కేంద్రమున సాధారణముగా ఒక కార్యకర్తయు, ఒక సహాయకురాలును ఉందురు. వారికి లభించునది గౌరవవేతనము. పిల్లలను తూచుట, గర్భిణులకు ఆహారము పంచుట, లెక్కలు వ్రాయుట, 2021 నుండి సెల్‌ఫోనులో వివరములు నింపుట కూడ వారి పనులే. వారి దినమును సాగదీసి సంస్కరణము చేసితి మనుట న్యాయము కాదు. మధ్యాహ్నమునకు అదే యూరి మరియొక స్త్రీని తగిన జీతముపై నియమింపవలెను. పదిమంది పిల్లలకు చాపలు, త్రాగునీరు, నీడ గల గది యుండవలెను. వేళలు ఊరూర ఒకేతీరుగ నుండనక్కరలేదు. మిరపకోతల నెలలలో ఆరు గంటల వరకు తలుపు తెరచియుంచవచ్చును, పొలముపనులు లేని నెలలలో మధ్యాహ్నమే మూయవచ్చును. ఏ నెలలో ఎవరు ఏ చేనికి పోవుదురో దూరపు కచేరీకి తెలియదు, ఆ యూరి తల్లులకు తెలియును. ఆ వేళలను నిర్ణయించు పని వారికే అప్పగింపవలెను.