భయమును గెలుచు పరుగు



కడచిన యేడు మా యూరి బాటపై లారీ తగిలి, బడికి పోవుచున్న యొక బాలిక మరణించినది. ఊరంతయు శోకించినది. నాటినుండి మా వీధి తల్లులెవ్వరును ఉదయమున ఆడపిల్లలను పరుగునకు పంపుట లేదు. నేనును మా యమ్మాయి బూట్లను అటకపై దాచితిని. మావారు బడిపంతులైనను, ఈ విషయమున నా యిష్టమునకే విడిచిరి. “అమ్మా, ఇంకా ఎన్నాళ్లు?” అని పిల్ల యడుగగా నాకు బదులు తోచలేదు. అట్టి సమయమున బోస్టను నగర వృత్తాంతము చదివితిని.

అమెరికాలోని యా నగరమున మారథాన్ పరుగు 1897లో ఆరంభమైనది. దూరము 42 కిలోమీటర్లకు పైమాట. 1972లో గాని స్త్రీలకు అధికారికముగా ప్రవేశము దొరకలేదు. 2013 ఏప్రిల్ 15వ తేదీ మధ్యాహ్నము గమ్యస్థానము చెంత రెండు బాంబులు ప్రేలినవి. మనము నిత్యము పప్పుడికించుకొను కుక్కరులవంటి పాత్రలలోనే వానిని కూర్చిరట! ఎనిమిదేండ్ల బాలుడును, ఇరువురు యువతులును అసువులు బాసిరి. 260 మందికి పైగా గాయపడిరి.

మఱుసటి యేడు పరుగు మానిరా? మానలేదు, సుమారు 9,000 మందికి అదనముగా చోటిచ్చిరి. అట్లని కన్నులు మూసికొని తెగింపలేదు. రక్షకభటులను హెచ్చించిరి, వీపుసంచులను నిషేధించిరి.

నాడు చూడవచ్చినవారిలో అడ్రియన్ హాస్లెట్ అను నర్తకి యొకతె. ఆమె యెడమకాలు మోకాలి దిగువను పోయినది. మునుపు పరుగు నలవాటు లేని యామె కృత్రిమపాదముతో 2016లో ఆ దూరమంతయు పూర్తిచేసినది. పది గంటలకు పైగా పట్టినది. 2019లో వీధి దాటుచుండగా కారు తగిలి మరల గాయపడినది. 2022లో మరల పరుగెత్తి, అయిదు గంటలు దాటిన కొలదిసేపటికే గమ్యము చేరినది.

పోయిన కాలు రాలేదు. పోయిన ప్రాణములును రాలేదు. పరుగు దుఃఖమునకు మందని నేననను. కాని భయము మనలను నిలిపివేసిన చోటనే మరల అడుగిడుట శరీరమునకు అది నేర్పును. సావిత్రి కథ మనమెఱుగనిదా? యముడు మరలి పొమ్మన్నను ఆమె వెంట నడచెనే గాని, చెట్టుక్రింద కూర్చుండి యేడ్వలేదు.

నేను జాగ్రత్త యనుకొన్నది వట్టి భయమే. జాగ్రత్త దారి చూపును. భయము తలుపు మూయును.

నిన్న బూట్లు దింపితిని. లారీల బాట విడిచి, చెఱువుగట్టుపై పిల్లలు పరుగెత్తుటకు ఏర్పాటు చేసితిమి. గట్టు మొదట నొకతె, తుద నొకతె నిలుచునట్లు తల్లులము వంతులు వేసికొంటిమి. రేపటి వంతు నాది. గుండె యింకను దడదడలాడుచునే యున్నది, అయినను పోయెదను.

మీ యింటి యటకపైనను అట్టి బూట్లున్నచో, తోడు చూచుకొని దింపుడు.