ఉల్లి పొడి, ఉచిత సలహాలు

కర్నూలు యార్డులో ఉల్లి ధర పడిపోయిన ప్రతిసారీ మన ఆఫీసు గ్రూపుల్లో ఒక మహానుభావుడు నిద్రలేస్తాడు. "పారబోసుకునే బదులు ఎండబెట్టి, పొడి కొట్టి అమ్ముకోవచ్చు కదా ఈ రైతులు?" అని సెలవిస్తాడు. కింద పాతిక బొటనవేళ్ళు. 2025లో ప్రభుత్వం మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటాలు 1,200 రూపాయలకి కొనాల్సి వచ్చినప్పుడూ ఇదే సలహా చూశాను.

సరే బాబూ, మంచి సలహానే. మరి మీ వంటింట్లో ఉల్లి పొడి డబ్బా ఉందా? "ఛ, అదంతా కెమికల్ అండీ, మేం ఫ్రెష్షే వాడతాం!"

నా గొడవంతా ఇదే. మీరు ముట్టని సరుకుని రైతు తయారు చెయ్యాలి, ఇంకెవరో కొనాలి!

ముందు ఆ కెమికల్ సంగతి చూద్దాం. ఉల్లిపాయ పొట్టు తీసి, కడిగి, సన్నగా చక్రాల్లా కోస్తారు. 60-70 డిగ్రీల వేడిగాలిలో గంటల తరబడి ఆరబెడతారు. తడి నూటికి ఐదారు పాళ్ళకి దిగాక జల్లించి రకాలు వేరు చేస్తారు: రేకులు, ముక్కలు, రవ్వ, పొడి. అంతే. పొడి గాలిలో తేమ పీల్చుకుని గడ్డకడుతుంది కాబట్టి కొందరు గడ్డకట్టకుండా సిలికాన్ డయాక్సైడ్ లాంటిది కాస్త కలుపుతారు. కలిపితే ప్యాకెట్ మీద 551 అని ఉంటుంది, చదువుకోండి. "ఆనియన్ సాల్ట్" అని అమ్మేది మాత్రం వేరే సరుకు. అందులో ఎక్కువ భాగం ఉప్పే.

అల్లం ఎండబెడితే శొంటి అని కళ్ళకద్దుకుంటాం. మిర్చి ఎండబెడితే అది లేనిదే పోపు పెట్టం. ఉల్లి ఎండబెడితే మాత్రం కల్తీనా? పైగా రాత్రి రిలీజ్ ఉన్నప్పుడు లాగించే నూడుల్స్ మసాలాలో, చిప్స్ మీద చల్లిన కారంలో, సూపు పొట్లంలో చాలా వరకు ఉన్నది ఈ పొడే. పేరు తెలియకుండా తింటే రుచి, తెలిస్తే కెమికల్ :)

ఇక "ఎండబెట్టేస్తే పోలా" అన్న ముక్కకి వద్దాం. ఇంజనీర్లం కదా, ఓ చిన్న లెక్క. మామూలు ఎర్ర ఉల్లిలో నీళ్ళు పోగా మిగిలే సరుకు నూటికి 10-13 పాళ్ళు. పొట్టూ తరుగూ పోను కిలో పొడికి సుమారు 9 కిలోల ఉల్లి కావాలి. అంటే దాదాపు 8 కిలోల బరువు దిగాలి, అందులో ఎక్కువ భాగం నీరే. కిలో నీటిని ఆవిరి చెయ్యడానికే 0.63 యూనిట్లు. అంటే ఏ నష్టమూ లేకుండా చేసినా కిలో పొడికి 5 యూనిట్ల దాకా పడుతుంది. నిజం డ్రయ్యర్లకి ఇంకా ఎక్కువే. అందుకే ఈ వ్యాపారం ఘనపదార్థం ఎక్కువుండే తెల్ల ఉల్లి రకాల చుట్టూ పెరిగింది. గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లా మహువా చూడండి. చుట్టూ తెల్ల ఉల్లి పండుతుంది, పక్కనే ఫ్యాక్టరీలున్నాయి, విదేశాల్లో కొనేవాళ్ళున్నారు. విత్తనం నుంచి ఓడ దాకా ఒక గొలుసు అది. ఎర్ర ఉల్లినీ ఎండబెట్టొచ్చు, కానీ రంగు మారుతుంది, ఖర్చు పెరుగుతుంది. ధర పడిన వారంలో, యార్డులో కుళ్ళుతున్న కుప్ప పక్కన డ్రయ్యర్ పుట్టుకురాదు. సోలార్ డ్రయ్యరు పెట్టుకున్నా, ఆ పొడి కొనేవాడు దగ్గర్లో లేకపోతే అప్పు మిగులుతుంది.

ఆ కొనేవాళ్ళం మనం ఎందుకు కాకూడదు? పచ్చి ఉల్లి చేసే పనులన్నీ పొడి చెయ్యదు, నిజమే. ఉల్లికారం దోశకీ, పులుసుకీ, బిర్యానీ మీద వేపుడు ముక్కలకీ అది పనికిరాదు. నూనెలో వేస్తే క్షణాల్లో మాడిపోతుంది కూడా. కానీ తడి తగలకూడని చోట దానికి సాటి లేదు. నువ్వుల పొడిలో పచ్చి ఉల్లి కలిపితే మర్నాటికే పాడవుతుంది, ఈ పొడి కలిపితే నిలవుంటుంది. వేయించిన పల్లీల మీద, పాప్‌కార్న్ మీద ఉప్పూ కారంతో చల్లండి. గట్టి పెరుగులో కలిపి అరగంట ఉంచి, క్యారెట్ ముక్కలు నంజుకోండి. పెద్ద చెంచాడు (టేబుల్ స్పూన్) పొడి ఓ మధ్యరకం ఉల్లిపాయకి దాదాపు సమానం, కాబట్టి గుప్పిళ్ళతో వెయ్యకండి. మూత గట్టిగా బిగించండి.

ఈసారి గ్రూపులో ఆ సలహా ఫార్వర్డ్ చేసేముందు, మీ ఇంటికి 100 గ్రాముల ప్యాకెట్ ఒకటి కొనండి. ఏ ఊళ్ళో తయారైందో వెనక్కి తిప్పి చూడండి. మన కర్నూలు పేరు ఎందుకు లేదా అన్న ప్రశ్న అప్పుడు అడగండి. రైతుని కాదు, సబ్సిడీలూ మార్కెట్లూ చేతిలో ఉన్నవాళ్ళని.