మన ఇంటి స్విచ్చి ఎవరి చేతిలో?

తాడేపల్లిగూడెంలో ఉండే మా మరిది, ఏలూరులో మా గీజర్‌కి స్మార్ట్ ప్లగ్ పెట్టి, "వదినా, ఇక అమ్మ లేవక్కర్లేదు. ఫోన్‌తోనే ఆపేసుకుంటుంది" అన్నాడు. మోకాళ్ల నొప్పుల అత్తయ్యగారికి ఎంత సుఖమో అనుకున్నాను. నెట్ పోయినా, ఇంట్లో వైఫై వెలుగుతుంటే చాలు, మాట వినేది.

ఓ రాత్రి ప్లగ్ తనంతట తనే అప్‌డేట్ అయింది. అంతే! కొల్లేరు వైపు నుంచి గాలివాన కొట్టి నెట్ పోయిన రోజున ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. పాపం, ఆవిడే గోడ పట్టుకుని వెళ్లి స్విచ్చి కట్టేశారు.

మన గదిలో మాట ఎక్కడో కంపెనీ కంప్యూటర్ దాకా వెళ్లి రావాలట! ఆ కంపెనీ చేతులెత్తేస్తే? బెల్కిన్ సంస్థ తన వీమో పరికరాల్లో చాలావాటికి 2026 జనవరి 31తో ఆ సేవ ఆపేస్తామని 2025లో ప్రకటించింది కూడా.

అప్‌డేట్లు వద్దనను. దొంగలు దూరే సందులు మూసేవీ అవే. కానీ ఉన్న సౌకర్యం తీసేసే ముందు మనల్ని అడగొద్దూ? కొనేటప్పుడే "నెట్ లేకపోయినా పనిచేస్తుందా?" అని నిలదీయండి. 2022లో వచ్చిన 'మేటర్' పద్ధతి ఇంట్లోనే మాట వినేలా రూపొందించినదే.

చీర అంచు పట్టి చూడందే కొనం కదా, ప్లగ్గు దగ్గర మొహమాటం దేనికి?